ఓడిన ఆటే పాఠం



జవాబు పత్రంలో మార్కులు చూసి మడిచేసే పిల్లల్ని ఏళ్లుగా మందలిస్తున్నాను. ఫోనులో మూడు నిమిషాల చదరంగం మొదలుపెట్టాక నేనూ అదే చేశాను. ఓడగానే కసిగా మరో ఆట. రేటింగు పడిపోయింది, నిద్రా పోయింది.

ఇప్పుడు రోజుకు మూడే ఆటలు. ఓడినదాన్ని ముందు సొంత బుద్ధితో, తర్వాతే కంప్యూటరుతో పరిశీలించి, తప్పును నోటుబుక్కులో రాస్తాను. నెల తిరిగేసరికి తెలిసింది: ఎక్కువ ఓటములు ఎదుటివారు ఆ ఎత్తు ఎందుకు వేశారని ఆలోచించకపోవడం వల్లే. ఆ అలవాటు కోసం పదిహేను నిమిషాల ఆటలు సాధన చేస్తున్నాను. మన కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ మహిళా ర్యాపిడ్ కిరీటం గెలిచింది అంత వ్యవధి ఆటల్లోనే.

పిల్లలూ, పేపరు చేతికొస్తే ముందు తప్పులు చూడండి. నేనూ చూస్తున్నాను.