మోటారుబండి దాహము



మండువేసవిలో దుక్కి దున్ని వచ్చిన ఎద్దును మన పెద్దలు తిన్నగా నీళ్లతొట్టి కడకు విడువరు. కాడి దింపి, చెట్టునీడను కట్టి, రొప్పు తగ్గిన పిదపనే కుడితి పెట్టుదురు. ఈ పద్ధతి నేను చిన్ననాటనే నేర్చినవాడను. అయినను ఒక మోటారుబండి విషయమున దీనిని మఱచి, ఒక పిల్లవాని చేయి కాలుటకు కారకుడనైతిని. ఆ సంగతిని, దానితోపాటు బండి యందలి నీటిని నూనెలను కనిపెట్టుకొను విధమును ఈ దినమున మీకు విన్నవించెదను. ఇప్పుడు మన పల్లెలలో కారుగాని ట్రాక్టరుగాని లేని వీధి యరుదు. తోలువారు చాల వఱకు మన బిడ్డలు. వారికి చెప్పవలసిన పెద్దలము మనము.

ముందుగా ఇంజనునకు నీటితో పని యేమో చూతము. ఇంజను లోపల పెట్రోలుగాని డీసెలుగాని మండునపుడు ఆ మంట వేడిమి ఇంచుమించు 2,000 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పోవును. ఇంజను భాగములు పెక్కింటికి వాడు అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. మండిన చమురు బలములో, స్థూలముగా చెప్పవలెనన్న, మూడవవంతు మాత్రమే బండిని నడపును. ఇంకొక మూడవవంతు పొగగొట్టమున వెడలిపోవును. మిగిలిన వేడిమి లోహమునకు పట్టుకొనును. దానిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో ఇంజను కొన్ని నిమిషములలో పట్టివేయును.

అందులకై మంట మండు సిలిండర్ల చుట్టును సన్నని కాలువలు ఏర్పఱచినారు. ఒక చిన్న పంపు వానిలో నీటిని త్రిప్పుచుండును. వేడెక్కిన నీరు బండి ముందుభాగమున నున్న రేడియేటరులోనికి పోయి, దాని సన్నని గొట్టములలో పాఱుచు గాలికి చల్లబడి, మఱల ఇంజనులోనికి వచ్చును. చాలినంత గాలి తగులుటకు ఫ్యాను కలదు. నడుమ థర్మోస్టాటు అను చిన్న తలుపు ఉండును. అది మన చెఱువు తూము వంటిది. ఇంజను చల్లగా నున్నంతసేపు మూసికొనియుండి, నీరు 80 మొదలు 90 డిగ్రీల వేడికి వచ్చినపుడు తానే తెఱచుకొనును. వేడిదేశమున ఇది యక్కఱలేదని కొందఱు తీసివేయింతురు. అది పొరపాటు. మిక్కిలి వేడియైన ఇంజను చెడినట్లే, తగిన వేడికి రాని ఇంజనును అఱుగుచుండును.

ఈ యేర్పాటు ఒక్కనాడు కుదిరినది కాదు. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ తన మోటారుబండికి 1886లో పేటెంటు పొందెను. అందులో నీరు ఆవిరియై పోవుటచేతనే ఇంజను చల్లబడెడిది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకయే ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, ఆ బండి మీద మాన్ హైము నుండి ప్ఫోర్త్స్ హైమునకు నూఱు కిలోమీటరులకు పైగా పయనించెను. దారి పొడుగునను నీరు దొరకిన చోటనెల్ల ఆగి బండికి పోయవలసి వచ్చెను. ఇంధనము నొక ఊరి మందుల దుకాణమున కొనెను. పిదప 1900 సంవత్సరమున విల్ హెల్మ్ మైబాఖ్ అను నతడు వేలకొలది చిన్న గొట్టములను తేనెపట్టు వలె కూర్చి రేడియేటరు చేసెను. అప్పటినుండి ఉన్న నీటితోనే చాల దూరము పోవుట సాధ్యమైనది.

నేటి రేడియేటరు మూత వట్టి మూత కాదు. అది లోపలి ఆవిరిని అదిమి పట్టును. మన యిండ్లలోని ప్రెషరు కుక్కరు నెఱుగుదురు గదా, ఆ సూత్రమే యిదియు. బయట 100 డిగ్రీలకు మరుగు నీరు, ఆ యొత్తిడిలో 120 డిగ్రీల వఱకును మరుగక నిలుచును. అట్టి నీటి మీది మూతను తటాలున తీసినచో ఒత్తిడి పోయి, నీరంతయు ఒక్కసారి పొంగి ఆవిరితో గూడ పైకెగయును. నేను ఎఱుగకపోయినది ఇదియే.

1996 మే నెలలో మా అక్కగారికి ఆయాసము హెచ్చి, మాచెర్ల ప్రాంతము నుండి గుంటూరునకు తీసికొనిపోవలసి వచ్చినది. మాకు ఒక పాతకారు ఉండెడిది. మా తమ్ముని కుమారుడు, పందొమ్మిదేండ్లవాడు, తోలుచుండెను. పగలు పదునొకండు గంటలకు బయలుదేఱితిమి. రెంటచింతల యెండ యెట్టిదో ఆంధ్రదేశమంతయు ఎఱుగును. ఆ ఊరు చేరకమునుపే వేడి చూపు ముల్లు ఎఱ్ఱగీటు దాటి, బానెట్టు సందులనుండి ఆవిరి వెడలెను. అబ్బాయి బండిని తుమ్మచెట్టు నీడను ఆపి, "పెదనాన్నా, ఒక గంటసేపు చల్లాఱనిత్తము" అనెను. వెనుక సీటులో అక్కగారు ఊపిరి అందక మూలుగుచుండెను. "గంట యెక్కడిదిరా? మూత తీసి నీళ్లు పోయుము" అని నేను కసరితిని. వాడు మాఱుమాటాడక తువ్వాలు చేతికి చుట్టుకొని మూత త్రిప్పెను. మరుక్షణమున వాని కుడిచేయి మోచేతి నుండి మణికట్టు వఱకు ఉడికిపోయెను.

నాకు మతి పోయినది. అప్పుడును బుద్ధి రాక, బక్కెట్టెడు చన్నీళ్లు ఎత్తి ఇంజనులో పోయబోయితిని. వెనుక వచ్చిన లారీ ఆగినది. తోలువాడు దిగి వచ్చి నా చేయి పట్టుకొని, "అయ్యా, ఆ నీళ్లు బండికి గాదు, ముందు పిల్లవాని చేతిమీద పోయుడు" అనెను. చాలసేపు తానే పోసెను. పిమ్మట మమ్ము మువ్వురను లారీలో నెక్కించుకొని వైద్యశాలకు చేర్చెను. అక్కగారు కోలుకొని మఱి తొమ్మిదేండ్లు బ్రతికినది. అబ్బాయి చేతిమీది మచ్చ మాత్రము నేటికిని ఉన్నది. వాడు ఆ మాట ఎన్నడు నెత్తడు. నేను మఱువను. గంటసేపు మిగుల్చుకొనబోయి నేను సాధించినది ఇంతియే.

తరువాత మేస్త్రి రేడియేటరును విప్పి చూపెను. గొట్టములు సగమునకు పైగా తెల్లని గట్టిపొరతో పూడిపోయి యుండెను. నీళ్లు కాచు బిందె అడుగున పేరుకొను సున్నపు పెచ్చు వంటిదే అది. పలనాడు సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు మీరెఱిగినవే. ఆ రాళ్లలో ఊఱిన బోరునీటిని నేను ఎనిమిదేండ్లుగా బండికి పోయుచుంటిని. అట్టి నీటిలో పప్పు ఉడకదని, సబ్బు నురుగు రాదని మన ఆడవారు చెప్పుచునే యుందురు. పప్పు ఉడకని నీరు ఇంజనునకు పనికిరాదని నాకు తోచలేదు. వేడిమికి ఇంజను హెడ్డు వంగి, గాస్కెట్టు కాలిపోయినది. దోషము బండిది కాదు, నాది.

కావున రేడియేటరులో వట్టి నీరు గాక కూలంటు పోయవలెను. మనకు మంచుకురియు చలి లేదు గదా, ఇది యేల యందురేమో. మరుగు వేడిమిని హెచ్చించుట ఒకటి, త్రుప్పును పొరను పట్టనీయకుండుట రెండవది. మనకు ముఖ్యమైనది ఈ రెండవదియే. చిక్కని కూలంటు కొనినచో, సాధారణముగా దానికి సమానముగా డిస్టిల్డు నీరు కలుపుదురు. కలిపి అమ్మునది యైనచో మఱల నీరు కలుపరాదు. రంగును చూచి కొనరాదు, ఏలయన రంగునకు అందఱు పాటించు నియమము లేదు. బండితో వచ్చిన పుస్తకమున చెప్పిన రకమునే, చెప్పిన గడువునకే మార్పింపవలెను. పాతరకములు రెండేండ్లకే సారము కోలుపోవును. కొన్ని క్రొత్తరకములు ఐదేండ్లును మించి నిలుచును.

ఇచట ఒక హెచ్చరిక. కూలంటులో సామాన్యముగా నుండు ఇథిలీను గ్లైకాలు తియ్యగా నుండును గాని విషము. కుక్కలు, దూడలు, పసిపిల్లలు ఆ తీపికి ఆశపడి త్రాగుదురు. కొలదిగా త్రాగినను మూత్రపిండములు చెడి ప్రాణము పోవచ్చును. పాతకూలంటును పశువులు మసలు చోటగాని, కాలువలోగాని పాఱబోయరాదు. త్రాగునీటి సీసాలలో నిలువచేయరాదు. ఎవరైన త్రాగినచో క్షణము జాగు సేయక వైద్యుని కడకు కొనిపోవలెను.

ఇక బండి దారిలో కాగినపుడు చేయవలసినది చెప్పెదను. చల్లగాలి యంత్రమును ఆపి, నీడను నిలిపి, ఇంజను ఆపుడు. ఆవిరి తగ్గువఱకు బానెట్టు ఎత్తవలదు. కొన్ని బండ్లలో ఇంజను ఆగిన పిదపను ఫ్యాను తనంతట తిరుగును గావున వ్రేళ్లు దగ్గఱకు పోనీయకుడు. అరగంటకు తక్కువ గాకుండ, వీలైనచో గంటసేపు ఆగుడు. రేడియేటరు పైగొట్టము చేతికి చల్లగా తగిలినపుడే, దళమైన గుడ్డ కప్పి, మొగము దూరముగా నుంచి, మూతను కొంచెము త్రిప్పి, బుసబుస ఆగిన తరువాత తీయుడు. వేడి ఇనుము మీద చన్నీళ్లు పడినచో పోతలోహము పగులును. అత్యవసరమున త్రాగునీరు పోయవచ్చును గాని, ఊరు చేరగానే దానిని తీసి కూలంటు పోయింపవలెను. ఒకసారి కాగిన బండిని కారణము తెలియక మఱల దూరము తోలరాదు.

ఎవరికైన చేయి కాలినచో ఇరువది నిమిషములు చల్లని పాఱు నీటి క్రింద ఉంచుడు. గాజులు, ఉంగరములు, గడియారము వెంటనే తీయుడు. నేయి, సిరా, పండ్లపొడి ముద్ద, మంచుగడ్డ ఏదియు పెట్టవలదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి వైద్యుని కడకు పోవలెను.

తక్కిన ద్రవములను గూర్చి కొలది మాటలు. ఇంజను నూనెను, సమతలమున నిలిపి, చల్లగా నున్నపుడు చూడుడు. కొలతకమ్మిని తీసి తుడిచి, మఱల ముంచి తీసిన, నూనె రెండు గుర్తుల నడుమ ఉండవలెను. ఆ నూనె మజ్జిగ వలె తెల్లబడినచో లోపల నీరు కలిసినదని గ్రహించి, బండిని కదల్పక మేస్త్రిని పిలువుడు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ పట్టిన నూనె వేడికి ఆవిరియై, త్రొక్కినను బ్రేకు పట్టకపోవచ్చును. ఇంచుమించు రెండేండ్ల కొకసారి దానిని మార్పింపవలెను. దాని మట్టము తగ్గినచో ఇంజను నూనె అందులో ఎన్నడును పోయరాదు, రబ్బరు భాగములు ఉబ్బి పాడగును. నీరు కోరు బ్యాటరీలకు డిస్టిల్డు నీరే పోయవలెను. నూర్పిళ్లనాటి ఊకయు, ధూళియు రేడియేటరు రేకుల నడుమ చేరినపుడు, ఇంజను చల్లగా నున్నవేళ లోపలినుండి బయటికి మెల్లగా నీరు చిమ్మి కడుగవలెను. ట్రాక్టరులకు ఇది మఱింత ముఖ్యము.

ఇదంతయు వారమున కొక ఉదయమున, బండి కదలకముందు, ఐదు నిమిషముల పని. తెల్లని డబ్బాలో కూలంటు, కమ్మిమీద నూనె, బ్రేకు నూనె, ఫ్యాను బెల్టు, రబ్బరు గొట్టములు, నేలమీద ఏదైన కారిన మఱక, ఇవి చూచిన చాలును. మా యింట ఇప్పుడు ఈ పని అబ్బాయి కుమార్తె చేయుచున్నది. నేను అరుగుమీద కూర్చుండి చూచుచుందును.

ఆనాడు అంత మేలు చేసిన లారీ మనిషి పేరు అడుగుటకైనను నాకు తోచలేదు. ఆయన మాట మాత్రము మీకు అప్పగించితిని. సెలవు.