రాజు చనిపోయాక సినిమా అయిపోయింది, యుద్ధం అయిపోలేదు

 

నేను ప్రొఫెసర్‌ని కాదు. డిగ్రీలో చరిత్ర ఒక సబ్జెక్టు, అంతవరకే. ఆ పుస్తకాల్లో మన గురించి ఎంత రాశారో మీలో చదువుకున్నవాళ్ళకి తెలుసు. అందుకని ఈ రోజు క్లాసు చెప్పను. నిన్న రాత్రి మనమంతా కలిసి చూసిన సినిమా గురించి మాట్లాడతాను. ఎందుకంటే సినిమా అయ్యాక ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను.

గోడకి తెల్ల దుప్పటి కట్టుకుని చూశాం కదా, 2009లో వచ్చిన మలయాళం సినిమా, ‘కేరళ వర్మ పళశ్శిరాజా’. హరిహరన్ తీశాడు, ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాశాడు, మమ్ముట్టి రాజు వేషం వేశాడు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెప్పడానికి నాకు గొంతు పోయింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. అయినా ఒక్కరూ లేచి వెళ్ళలేదు. ఎందుకు లేవలేదో నాకు తెలుసు. విల్లు పట్టుకున్నవాళ్ళు, అడవిలో నడిచేవాళ్ళు మనలా కనిపించారు.

ఆఖర్లో రాజు పడిపోయాడు. తెల్లదొరలు ఆయన శవానికి వందనం చేశారు. అప్పుడు ఆ తమ్ముడు అడిగాడు: “అన్నా, మనకి కూడా అలాంటి రాజు ఉండి ఉంటే మన భూములు పోయేవి కాదు కదా?”

ఇది చిన్న ప్రశ్న కాదు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఆ కథ మళ్ళీ మొదట్నుంచి చూద్దాం. సినిమాలో ఉన్నదీ, సినిమా ఆగిపోయిన తర్వాత జరిగిందీ.

కేరళ ఉత్తరాన కన్నూరు దగ్గర కొట్టాయం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. ఇప్పటి కొట్టాయం జిల్లా కాదు, అది వేరు. పళశ్శిరాజా ఆ వంశంవాడు. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాన్ చేతిలోని మలబారు ఈస్టిండియా కంపెనీకి పోయింది. కంపెనీ వచ్చీ రాగానే చేసిన పని పన్ను వసూలు. కొట్టాయంలో ఆ వసూలు హక్కుని పళశ్శిరాజాకి ఇవ్వకుండా ఆయన బంధువు కురుంబ్రనాడు రాజుకి అప్పజెప్పారు. ఈయన ఒప్పుకోలేదు. గొడవ ముదిరి 1797 మార్చిలో పెరియ కనుమ దగ్గర కంపెనీ దండు చావుదెబ్బ తింది. మేజర్ కామెరాన్ అనే అధికారి అక్కడే చచ్చాడు. దాంతో కంపెనీ రాజీకి వచ్చింది.

1799లో టిప్పు చనిపోయాక వయనాడు కూడా మాదే అంది కంపెనీ. వయనాడు అంటే పడమటి కనుమల పైన ఉన్న అడవి, చిత్తడి వరిపొలాలు. ఇవ్వనన్నాడు రాజు. 1800లో మళ్ళీ యుద్ధం. ఈసారి ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసా? ఆర్థర్ వెల్లెస్లీ. తర్వాత 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ని ఓడించింది ఈయనే. అడవిలోకి రోడ్లు వేయడం, రోడ్డు పక్క చెట్లు నరికించడం, పోస్టులు పెట్టడం, ఇదీ ఆయన పద్ధతి. (ఈ పద్ధతి మనకి కొత్తా? మన కొండల్లో రోడ్డు ముందు ఎవరికోసం పడిందో మీ తాతల్ని అడగండి.) ఆ దెబ్బకి 1801 నాటికి రాజు కొద్దిమంది మనుషులతో అడవుల్లో తలదాచుకుని తిరుగుతున్నాడు. పని అయిపోయింది అనుకుంది కంపెనీ.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. రాజు పని అయిపోయింది అనుకున్న చోట యుద్ధాన్ని మళ్ళీ రాజేసింది ఎవరు?

విలియం లోగన్ అని మలబారు కలెక్టరుగా చేసిన బ్రిటిష్‌వాడు 1887లో ‘మలబార్ మాన్యువల్’ అనే పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఈ సంగతి ఉంది. 1802లో ఒక కురిచ్యుడి ఇంటికి కంపెనీ బిళ్ళ బంట్రోతు వచ్చాడు. వడ్లు ఇవ్వమన్నాడు. కురిచ్యులు అంటే వయనాడు ఆదివాసులు, విలుకాళ్ళు, వరి పండించుకునే రైతులు. ఆ సమయానికి ఆ ఇంట్లో ఎడచ్చెన కుంకన్ అనే నాయరు ఉన్నాడు, రాజు మనిషి. సినిమాలో శరత్‌కుమార్ వేశాడే, ఆయన. కుంకన్ ఆ బంట్రోతుని అక్కడికక్కడే చంపేశాడు. ఇక తమకెలాగూ తప్పదని చుట్టుపక్కల కురిచ్యులు తలక్కల్ చందు నాయకత్వంలో కుంకన్‌తో కలిశారని లోగన్ రాస్తాడు.

లోగన్ రాసిన తీరు చూశారా. వీళ్ళు ఇరుక్కుపోయారు, అందుకని కలిశారు అన్నట్టు ఉంటుంది. అంటే వాళ్ళకి సొంత బుద్ధి లేదు, ఎవరో చేసిన హత్యకి భయపడి తిరగబడ్డారు! నాకు ఇది నమ్మబుద్ధి కాదు. వడ్లు అడిగింది ఎవరి ఇంట్లో? ఎవరి గాదెలో వడ్లు? రాజుకి రాజ్యం గొడవ, కురిచ్యుడికి వడ్ల గొడవ. ఆ రెండూ ఆ ఇంటి ముంగిట్లో కలిశాయి.

ఆ తర్వాత 1802 అక్టోబర్ 11న పనమరం. దాదాపు 150 మంది, చేతిలో విల్లంబులు. పనమరం పోస్టులో బొంబాయి పటాలానికి చెందిన 70 మంది, ఇద్దరు ఇంగ్లీషు అధికారులు. పోస్టు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. కొద్ది మైళ్ళ దూరంలో కంపెనీ దండు ఇంకొకటి ఉంది, అది కదల్లేదు. చందు మనుషులకి 112 తుపాకులు, ఆరు పెట్టెల మందుగుండు, 6000 రూపాయలు దొరికాయి. తర్వాత పుల్పల్లి గుడి దగ్గరికి రమ్మని కబురు పెడితే 3000 మంది దాకా వచ్చారు.

ఈ లెక్క చదివినప్పుడు నాకు మన చింతపల్లి గుర్తొచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తర్వాత రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు. అక్కడా మొదట కావలసింది తుపాకులే. పనమరానికీ చింతపల్లికీ మధ్య 120 ఏళ్ళు. వీళ్ళ సంగతి వాళ్ళకి తెలిసే వీలు లేదు. అయినా పని ఒకటే.

సినిమాలో చందు వేషం మనోజ్ కె. జయన్ వేశాడు, బాగా చేశాడు. నీలిగా వేసిన పద్మప్రియకి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస వచ్చింది. మన సుమన్ కూడా ఉన్నాడు, రాజుని మోసం చేసే పళయంవీడన్ చందుగా. తలక్కల్ చందునీ వీడినీ కలిపేసి కొందరు నిన్న గందరగోళపడ్డారు, ఇద్దరు చందులు ఉన్నారు మరి. నేను ఈ సినిమాని తిట్టడానికి రాలేదు. అప్పటికి మలయాళంలో అంత ఖర్చుపెట్టి తీసిన సినిమా లేదు. అంత పెద్ద సినిమాలో ఒక ఆదివాసి సేనానిని పేరుతో, మర్యాదతో, రాజు పక్కన నిలబెట్టి చూపించారు. అది ఊరికే రాదు. అయితే ఆ విల్లు పట్టుకున్నది కురిచ్యుడు కాదు, నటుడు. మనల్ని తెర మీద చూపిస్తారు గానీ మనకి వేషం ఇవ్వరు. ఇది ఒక్క మలయాళం గొడవ కాదు.

ఇక 1805. రాజు తలకి అప్పటికే 3000 వరహాల వెల కట్టారు. థామస్ బేబర్ అనే సబ్ కలెక్టర్ వయనాడులో దిగి వేగులని పెట్టి వెతికించాడు. జనం మాత్రం చెప్పలేదు. వాళ్ళకి ఆ రాజు మీద ఎంత గౌరవమో బేబరే తన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. నవంబరులో తలక్కల్ చందు దొరికాడు, పనమరంలోనే చంపేశారు. అక్కడ కోలిచెట్టు కింద ఆయన స్మారకం ఉంది. నవంబర్ 30న పుల్పల్లి దగ్గర మావిలాంతోడు వాగు ఒడ్డున రాజు చనిపోయాడు. తుపాకీ గుండా, తనకు తానే ప్రాణం తీసుకున్నాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. సినిమా గుండు వైపు నిలబడింది. శవాన్ని మానంతవాడి తీసుకెళ్ళి మర్యాదగా దహనం చేశారు.

బేబర్ ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది. చనిపోతున్న రాజు దగ్గరికి కంపెనీ తరఫు ఉద్యోగి ఒక మేనన్ వెళ్ళబోతే, దగ్గరికి రావద్దు, నన్ను మైలపరచొద్దు అని రాజు గద్దించాడట. ప్రాణం పోతున్నప్పుడు కూడా మైల! ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. శత్రువు తాకకూడదు అన్న రోషం అందులో ఉంది, కాదనను. కానీ మైల అనే మాట ఒకటి ఉంది చూశారా, అది మనకి బాగా తెలిసిన మాట.

ఇంకోటి కూడా చెప్పాలి. వయనాడులో ఆదివాసులంటే కురిచ్యులు ఒక్కరే కాదు. పణియలు, అడియలు ఉన్నారు. వాళ్ళు భూస్వాముల కింద వెట్టి మనుషులు. మానంతవాడి దగ్గర వల్లియూర్కావు అమ్మవారి జాతరలో ఏడాదికి ఇంత అని వాళ్ళని కుదుర్చుకుని తీసుకెళ్ళేవాళ్ళు. ఈ ఆచారం దాదాపు మన అమ్మానాన్నల కాలం దాకా సాగింది. రాజు కోసం కురిచ్యుడు విల్లు ఎత్తిన రోజున పణియ మనిషి ఎవరి పొలంలో ఉన్నాడు? కురిచ్యులు కూడా పణియలని అంటనిచ్చేవాళ్ళు కాదు. ఇది చెప్పుకోవడానికి బాగుండదు, అయినా మనలో మనం చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు. మన దగ్గర మాత్రం తెగకీ తెగకీ మధ్య ఎక్కువ తక్కువలు లేవా?

సరే, రాజు పోయాడు. సినిమా అక్కడితో అయిపోయింది. తెర మీద పేర్లు పడ్డాయి, మనం దుప్పటి మడతపెట్టాం.

ఆరేళ్ళు దాటాయి. 1812 మార్చిలో వయనాడు కురిచ్యులు, కురుంబులు మళ్ళీ లేచారు. ఈసారి రాజు లేడు. రామనంబి అనే ఆయన ముందున్నాడు. కారణం ఏంటంటే, కంపెనీ పన్నుని వడ్లుగా కాదు, రొక్కంగా కట్టమంది. కొండమీద రొక్కం ఎక్కడ దొరుకుతుంది? షావుకారు దగ్గర. షావుకారు అప్పు ఇస్తాడు, పంట తీసుకుంటాడు, తర్వాత భూమి తీసుకుంటాడు. ఈ కథ నేను పూర్తిచేయక్కర్లేదు, మీ ఊళ్ళో ఎవరిదో ఒకరిది ఇదే కథ. వాళ్ళు సుల్తాన్ బత్తేరినీ మానంతవాడినీ ముట్టడించారు. కనుమ దారులు మూసేశారు. మైసూరు వైపు నుంచి కూడా దండుని రప్పిస్తే తప్ప కంపెనీ తట్టుకోలేకపోయింది. మే నెల నాటికి అణిచేశారు.

ఈ 1812 మీద అంత పెద్ద సినిమా లేదు. గుర్రం మీద కూర్చోబెట్టడానికి రాజు లేడుగా.

మనదీ అంతే. 1879లో రంప లేచింది కల్లు మీద. మన చెట్టు కల్లు మనం తాగడానికి పన్ను కట్టమన్నారు, చిగురుపన్ను అని. అప్పుడు కారం తమ్మన్నదొర ఉన్నాడు. ఎంతమందికి ఆయన పేరు తెలుసు? 1974లో కృష్ణ గారి ‘అల్లూరి సీతారామరాజు’ మన పెద్దవాళ్ళు ఎద్దుబండ్లు కట్టుకుని వెళ్ళి చూశారు. సీతారామరాజుతో ఆ సినిమా అయిపోతుంది. ఆయన 1924 మే 7న చనిపోతే, గాం గంటందొర జూన్‌లో తను చనిపోయేదాకా పోరాడుతూనే ఉన్నాడు. ఆ నెల రోజులు ఏ అడవిలో, ఎవరి ఇంట్లో గంజి తాగి, ఎంతమందితో ఉన్నాడో, ఆ నెల రోజులే నాకు చూడాలని ఉంటుంది.

ఇక తమ్ముడి ప్రశ్న. రాజు ఉంటే భూములు పోయేవి కాదా?

వయనాడు వాళ్ళకి రాజు ఉన్నాడు. మంచి రాజే. లొంగి భరణం పుచ్చుకుని కోటలో కూర్చునే దారి ఉన్నా, కురిచ్యులతో పాటు అడవిలో ఉండి అడవిలోనే చచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. అయినా ఏమైంది? 2003లో, అంటే ఈ సినిమా రావడానికి ఆరేళ్ళ ముందు, అదే వయనాడులో ముత్తంగ అడవిలో ఆదివాసులు గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. సి.కె. జాను ముందున్నారు. అడిగింది రాజ్యం కాదు, కుటుంబానికి కొంత భూమి, ఇస్తామని ప్రభుత్వం మాటిచ్చిన భూమి. ఫిబ్రవరి 19న పోలీసులు కాల్పులు జరిపారు. జోగి అనే ఆదివాసి చనిపోయాడు. ఆ గొడవలో ఒక పోలీసు కూడా చనిపోయాడు. రాజు పడిపోయిన పుల్పల్లి, జోగి పడిపోయిన ముత్తంగ, రెండూ ఒకే జిల్లా. ఒకరి శవానికి దొరలు వందనం చేశారు.

కాబట్టి తమ్ముడూ, రాజు లేకపోవడం వల్ల పోలేదు మన భూమి. రాజు ఉన్నవాళ్ళదీ పోయింది. కాగితం మన దగ్గర లేకపోవడం వల్ల పోయింది, కాగితం రాసేవాడు మనల్ని అడక్కపోవడం వల్ల పోయింది. మా ఊళ్ళో కొన్ని కుటుంబాల పోడు దరఖాస్తులు ఆధారం లేదని తిరిగొచ్చాయి. అటవీ హక్కుల చట్టం నియమాల్లోనే ఉంది, ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి పెడితే అది కూడా ఆధారమే అని. మా నాన్నకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు కూడా డిగ్రీ అయ్యాకే తెలిసింది.

మా అవ్వ ఉంది. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ చెలమ దగ్గర ఎవరి పొయ్యి ఉండేదో, గార్డు వచ్చినప్పుడు ఏ బండ వెనక దాక్కున్నారో చెబుతుంది. మొన్నటిదాకా విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను, ఆవిడ దగ్గుతో సహా. మీరు ఊళ్ళకి వెళ్ళాక మీ అవ్వాతాతల దగ్గర కూర్చోండి. పేర్లు అడగండి, కొండ పేరు, వాగు పేరు, మనుషుల పేర్లు. తేదీలు వాళ్ళకి గుర్తుండవు, ‘పెద్ద గాలివాన వచ్చిన ఏడు’ అంటారు, అదే రాసుకోండి. వచ్చే నెల మళ్ళీ కలిసినప్పుడు ఆ రికార్డులన్నీ తెచ్చి ఇక్కడే కూర్చుని కాగితం మీద పెడదాం. రాయడం వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చోండి. దుప్పటి నేను తెస్తాను, రాత్రికి ఇంకో సినిమా చూద్దాం.

జోహార్.