ఇంట్లో బిట్‌కాయిన్ యంత్రం: లెక్క ఏమంటుంది?



మైనింగు అన్న మాట మన కృష్ణగిరి వైపు కొత్తది కాదు. పక్కనే ఉన్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడేదాకా తరతరాల కూలీలకు అన్నం పెట్టాయి. ఇప్పుడు హోసూరులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లల నోట ఇంకో మైనింగు వినిపిస్తోంది. ఇంట్లో ఒక యంత్రం పెట్టి, కరెంటు ఇచ్చి వదిలేస్తే బిట్‌కాయిన్ పండుతుందట. కుందారపల్లి లాంటి ఊళ్ళో ఒక కుటుంబం దీనికి నగ తాకట్టు పెట్టబోయే ముందు పలక మీద లెక్క వేసి చూడాలి. ఈ పూట ఆ లెక్కే వేసుకుందాం.

బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. ప్రపంచమంతటా జరిగే లావాదేవీల పద్దులో సుమారు పది నిమిషాలకొక పుట ముగుస్తుంది. ఆ పుటకు ముద్ర వేయాలంటే ఒక సంఖ్యను ఊహించాలి. దానికోసం లక్షల యంత్రాలు పోటీ పడతాయి. గెలిచినవారికి మొదట్లో 50 నాణేలు దక్కేవి. సుమారు నాలుగేళ్ళకోసారి ఆ బహుమతి సగమవుతూ, 2024 ఏప్రిల్ నుంచి 3.125కి దిగింది. అంటే ప్రపంచం మొత్తానికీ రోజుకు సుమారు 450 నాణేలు మాత్రమే.

యంత్రం బలాన్ని టెరాహాష్‌లలో కొలుస్తారు. సెకనుకు లక్ష కోట్ల ఊహలు చేస్తే ఒక టెరాహాష్. 2025లో ప్రపంచంలోని యంత్రాల బలమంతా కలిపి వంద కోట్ల టెరాహాష్‌లు దాటింది. మన వాటా తేల్చేది ఈ భాగాహారమే.

ఇక మూడు యంత్రాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. నాణెం ధర 80 లక్షల రూపాయలనీ, ఇంటి వాడకం రెండు నెలలకు 300 యూనిట్లనీ అనుకుందాం. 2024 జూలైలో ప్రకటించిన ఈబీ ధరల ప్రకారం వెయ్యి యూనిట్లు దాటాక యూనిటుకు 11 రూపాయల 80 పైసలు.

మొదటిది, 2016 నాటి యాంట్‌మైనర్ ఎస్-9. పాతది కాబట్టి చవగ్గా దొరుకుతుంది. బలం 13.5 టెరాహాష్‌లు, వాడకం సుమారు 1,350 వాట్లు. రెండు నెలలు ఆపకుండా తిప్పితే ఈబీ బిల్లు దాదాపు 21 వేలు పెరుగుతుంది. వచ్చే రాబడి మూడు వేల లోపే. చవక యంత్రమే అన్నిటికన్నా ఖరీదైనదని తేలింది.

రెండవది, ఎస్-21. 200 టెరాహాష్‌లు, 3,500 వాట్లు. రాబడి 43 వేలు, కరెంటు ఖర్చు 57 వేల పైచిలుకు. నాణెం ధర కోటీ ఆరు లక్షలు దాటితేగాని కరెంటు ఖర్చు కూడా గిట్టదు. యంత్రం వెల వేరే. ధర పెరిగితే లాభమే కదా అంటారేమో. ధర పెరిగిన కొద్దీ కొత్త యంత్రాలు వచ్చి చేరతాయి. రెండు వారాలకోసారి లెక్క కష్టం కూడా సరిదిద్దబడుతుంది, మన వాటా తగ్గుతుంది. పైగా ఆ వేడి మూడు ఇస్త్రీ పెట్టెలు రాత్రింబవళ్ళు కాలుతున్నట్టుంటుంది. చప్పుడు ఆగని మిక్సీ లాంటిది. పాత వైరింగు ఉన్న ఇంటికి ఇది ప్రమాదం.

మూడవది, అరచేతిలో పట్టే బిట్‌యాక్స్ గామా. బలం 1.2 టెరాహాష్‌లు, వాడకం ఇరవై వాట్ల లోపు. నలుగురితో కలిసి పంచుకునే పూల్‌లో చేరితే రెండు నెలలకు సుమారు 260 రూపాయలు. ఒంటరిగా ఆడితే ఈ లెక్కన బహుమతి తగలడానికి సగటున పదహారు వేల ఏళ్ళు పడుతుంది. తమిళనాట 2003లో నిషేధించిన లాటరీ చీటీకి ఇది చుట్టమే. కాకపోతే సర్క్యూటు, ప్రోగ్రాము నేర్చుకోదలచిన విద్యార్థికి మంచి పనిముట్టు.

ఇంట్లో కంప్యూటరు చాలదా అని అడగవచ్చు. వీడియో కార్డులతో సాగిన ఈథీరియం మైనింగు 2022 సెప్టెంబరులో పూర్తిగా ఆగిపోయింది.

కరెంటే అడ్డమైతే పంపుసెట్టు లైను ఉందిగా అనే మాట కూడా వినిపించవచ్చు. సేద్యానికి ఉచితంగా ఇచ్చే కరెంటును వేరే పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం. పన్ను సంగతీ మరవకండి. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆదాయం మీద 30 శాతం పన్ను ఉంది. మైనింగు యంత్రాల ఖర్చును అందులోంచి తీసివేయడం కుదరదని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది.

యంత్రం మేమే నడుపుతాం, డబ్బు మాత్రం మీరు కట్టండి అనేవారితో మరీ జాగ్రత్త. 2015లో మొదలైన గెయిన్ బిట్‌కాయిన్ పథకం నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని ఆశ చూపింది. చివరికి నమ్మినవారు నష్టపోయారు. ఆ కేసులో సీబీఐ 2025 ఫిబ్రవరిలో దేశంలో అనేక చోట్ల సోదాలు జరిపింది.

కాబట్టి యంత్రం కొనమని ఎవరైనా వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఎన్ని వాట్లు తింటుంది? ఎన్ని టెరాహాష్‌లు ఇస్తుంది? నా ఈబీ బిల్లు ఏ మెట్టు ఎక్కుతుంది? ఈ మూడింటికీ అంకెల్లో జవాబు రాకపోతే, తాకట్టు కొట్టు వైపు వెళ్ళే కాలును వెనక్కి తీసుకోండి. మన ఇంటి కరెంటు ధరకు పెద్ద యంత్రం అప్పు తెస్తుంది, చిన్న యంత్రం చదువు నేర్పుతుంది. ఆ తేడా పిల్లలకు కోపగించుకోకుండా, పక్కన కూర్చుని, లెక్క వేసి చూపించండి.