వెంట్రుకంత గీత



'వోగ్' అనే ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం దొరికితే దాని పేరును భూతద్దంతో చూడండి. ఒక గీత స్తంభంలా లావు, పక్క గీత వెంట్రుకలా సన్నం. గీతల కొసల్లో సెరిఫ్ అనే సన్నని అడ్డుపట్టీలు. ఈ పోకడను 18వ శతాబ్దం చివర ఇటలీలోని పార్మాలో జాంబతిస్తా బొదోని, పారిస్‌లో ఫిర్మాన్ దీదో పరాకాష్ఠకు తెచ్చారు.

అంతకుముందు ఎందుకు రాలేదు? గరుకు కాగితం మీద సిరా పాకి సన్నగీత నిలిచేది కాదు. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ నున్నని కాగితం, చిక్కని నల్ల సిరా సమకూర్చుకుని, 1757లో వర్జిల్ కావ్యాలను ముద్రించాడు. ఆ సన్నగీతలు చదువరుల కళ్లు పోగొడతాయని ఒక పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర వాదించాడు. ఫ్రాంక్లిన్ ఏం చేశాడో చూడండి! కాస్లన్ అనే మరొకరి అచ్చు నమూనా తెచ్చి, పేరున్న భాగం చింపేసి, బాస్కర్‌విల్‌దే అని చేతికిచ్చాడు. ఆయన అందులోనూ అవే దోషాలు వరసగా చూపించాడు! ఈ సంగతి ఫ్రాంక్లిన్ 1760లో బాస్కర్‌విల్‌కే ఉత్తరం రాశాడు. పేరు దాచి పరీక్షించడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

అయితే సన్నగీతతో ఇబ్బందే లేదా? లెక్క వేద్దాం. మన కన్ను విడదీసి చూడగల కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. 30 సెంటీమీటర్ల దూరంలో అది దాదాపు 0.09 మిల్లీమీటర్లు. 72 పాయింట్ల అక్షరంలో సన్నగీత 0.4 మిల్లీమీటర్లు అనుకోండి, హాయిగా కనిపిస్తుంది. దానినే 9 పాయింట్లకు కుదిస్తే ఎనిమిదో వంతు, 0.05 మిల్లీమీటర్లు. గీత పూర్తిగా మాయం కాదు. చుట్టూ ఉన్న తెలుపుతో కలిసి వెలిసిపోతుంది. లావు నిలువుగీతలు మాత్రం మిగిలి, పేజీ దడి కట్టినట్లు కనిపిస్తుంది.

పాత టీవీలో మరో చిక్కు ఉండేది. మా పాఠం ఒకదానికి శీర్షిక ఇటువంటి ఇంగ్లీషు అక్షరాలతో వేస్తే, తెర మీద సెరిఫ్‌లు వణికాయి. తప్పు అక్షరానిదీ కాదు, యంత్రానిదీ కాదు. ఆ పద్ధతిలో 625 గీతలను ఒకసారి బేసివి, మరొకసారి సరివి గీసేవారు. ఒకే గీతంత మందమున్న సెరిఫ్ సెకనుకు 25 సార్లే వెలిగేది. ఆ మినుకును కన్ను పట్టేస్తుంది.

లోహపు అచ్చుల కాలంలో ప్రతి పరిమాణానికీ అక్షరాన్ని విడిగా చెక్కేవారు కాబట్టి, చిన్నవాటిలో గీతను కాస్త లావు చేయడం వీలయ్యేది. 1994లో వచ్చిన ఐటీసీ బొదోని కంప్యూటర్ అచ్చు కూడా 6, 12, 72 పాయింట్లకు మూడు వేర్వేరు రూపాలు ఇచ్చింది. మీ కళాశాల పత్రిక కూర్చేటప్పుడు శీర్షిక అక్షరాన్నే కుదించి లోపలి వ్యాసాలకు వాడారేమో, స్కేలు, భూతద్దం పట్టుకుని ఒకసారి కొలవండి.