నాంపల్లి దాకా వెళ్లే కాగితం

(గౌడవెల్లిలో జరిగిన మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రేషన్ కిట్లు, ఫీజులు, వితంతువుల సాయం లెక్కలన్నీ కార్యదర్శిగారి నివేదికలో ఉన్నాయి. మేము ఇంకో అవసరం గురించి మాట్లాడాలనుకుంటున్నాం. అది ఆకలి లాంటిదే, కాకపోతే కిట్టుతో తీరదు.

దైవప్రవక్త (స) కు ఇంకా ప్రవక్త పదవి రాని రోజులు. యెమెన్‌లోని జబీద్ నుంచి ఒక వర్తకుడు మక్కాకు సరుకు తెచ్చాడు. ఊళ్లో పలుకుబడి గల ఆస్ బిన్ వాయిల్ సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. వర్తకుడికి అక్కడ తెగ లేదు, బంధువు లేడు. అతని గోడు విని ఖురైష్‌లోని కొన్ని వంశాలవారు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో కూడారు. ఊరివాడైనా పరాయివాడైనా, అన్యాయం జరిగినవాడికి హక్కు దక్కేదాకా అతని పక్షాన నిలబడతామని మాటిచ్చుకున్నారు. అదే హిల్ఫుల్ ఫుదూల్. మాటతో ఊరుకోలేదు. ఆస్ ఇంటికి వెళ్లి సరుకు తిరిగి ఇప్పించారు. ప్రవక్త అయ్యాక కూడా ఆయన (స) ఆ ఒప్పందాన్ని మెచ్చుకున్నారని సీరా గ్రంథాలు చెబుతాయి.

ఇవాళ మేడ్చల్ చుట్టుపక్కల గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో కూలి చేసే పరాయి రాష్ట్రం కుర్రవాడు ఆ వర్తకుడి లాంటివాడే. అతను ఎవరి గుమ్మానికి వెళ్లాలి?

యూరప్‌వాళ్లకు స్ట్రాస్‌బర్గ్‌లో ప్రాంతీయ మానవ హక్కుల కోర్టు 1959 నుంచి ఉంది. లాటిన్ అమెరికాకు సాన్ హోసేలో, ఆఫ్రికాకు అరూషాలో ఉన్నాయి. మన దక్షిణాసియాకు అలాంటిది లేదు. సార్క్ ఒప్పందమే సభ్యదేశాల మధ్య వివాదాస్పద విషయాలను చర్చకు తేవద్దంటుంది. కాబట్టి గౌడవెల్లి మనిషికి గుమ్మం అంటే నాంపల్లిలోని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, లేదా ఢిల్లీలోని జాతీయ కమిషన్. రెండూ 1993 చట్టం కింద పుట్టినవే.

మరి నాంపల్లి గుమ్మం సంగతి? 2022 డిసెంబర్‌లో చైర్మన్ పదవీకాలం ముగిసింది. కొత్త చైర్మన్‌గా జస్టిస్ షమీమ్ అఖ్తర్ నియామకం 2025 ఏప్రిల్‌లో జరిగింది. మధ్యలో రెండేళ్లకు పైగా కుర్చీ ఖాళీ. ఆ ఖాళీలోనే, 2023 ఫిబ్రవరిలో, మెదక్‌లో దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకెళ్లిన ఒక ముస్లిం కూలీ, వాళ్లు కొట్టారని చెబుతూ, గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది. అది మంచిదే. కానీ పత్రికల్లోకి ఎక్కని దెబ్బలకు హైకోర్టు ఎదురురాదు కదా.

ఇందులో మరో చిక్కుంది, దాన్ని మనవాళ్లు చాలామంది గమనించరు. చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగిన ఏడాది దాటితే కమిషన్ విచారించకూడదు. కుర్చీ ఖాళీగా ఉన్నా ఆ ఏడాది గడియారం మాత్రం ఆగదు. ఆ రోజుల్లో ఢిల్లీ కమిషన్‌కు రాసుకోవచ్చు, దారి తెరిచే ఉంది. అది తెలిసినవారెందరు? ఢిల్లీ కమిషన్‌కూ మచ్చ లేకపోలేదు. పోలీసు అధికారులతోనే దర్యాప్తులు చేయిస్తోందని, సభ్యుల్లో వైవిధ్యం లేదని 2023, 2024 ల్లో అంతర్జాతీయ సంస్థ దాని గుర్తింపు నిర్ణయాన్ని వాయిదా వేసింది.

పైగా కమిషన్ ఇచ్చేది సిఫారసే. ఆస్ బిన్ వాయిల్ ఇంటికి వెళ్లి తలుపు తట్టే బలం దానికి లేదు. మక్కా మసీదు కథే చూడండి. 2007 మే 18, జుమా రోజు పేలుడు. తర్వాత ఎందరో మన కుర్రాళ్లను పట్టుకెళ్లారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్లి వాళ్లతో మాట్లాడి, చిత్రహింసల ఆనవాళ్లను నివేదికలో రాశారు. జాతీయ మైనారిటీ కమిషన్ పరిహారం ఇమ్మంది. ప్రభుత్వం 2012లో 70 మందికి ఇచ్చింది: 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునే కొట్టేసింది. సిఫారసు, మంత్రుల మాట, చెక్కు అన్నీ ఉన్నాయి; కస్టడీలో హింసకు గురైనవాడికి పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం మాత్రం లేదు. మేము రవిచందర్‌గారి నివేదికనే అన్నిటికన్నా విలువైనదిగా చూస్తాం. గాయాలు మానకముందే ఒకరు వెళ్లి చూసి రాసిపెట్టారు. పరిహారం ఉత్తర్వు పోయినా ఆ రాత మిగిలింది.

అందుకే ఈ ఏడాది మేము దాతలను కోరేది భవనానికి కాదు. ఫిర్యాదు రాసిపెట్టే ఒక బల్లకు. కమిషన్‌కు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా చెల్లుతుంది. కానీ పేరు లేని ఫిర్యాదు, కోర్టులో నడుస్తున్న వ్యవహారం, ఆస్తి తగాదా అయితే పక్కన పెట్టేస్తారు. తేదీ, స్థలం, ఎవరు చేశారన్నది స్పష్టంగా ఉండాలి. ఆస్పత్రి చీటీ జత చేయాలి. కూలి మానుకుని వచ్చినవాడికి ఇవన్నీ గుర్తుండవు. అందుకే రాయగలిగిన ఇద్దరు పిల్లలు, వారానికి ఒకసారి వచ్చే ఒక వకీలు, జెరాక్సు, స్పీడ్ పోస్టు, నాంపల్లికి రానుపోను ఖర్చు కావాలి. ఏ ఫిర్యాదు ఏ తేదీన వెళ్లింది, ఏడాది గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నది రాసే పుస్తకం ఒకటి. హిందువులూ క్రైస్తవులూ వస్తే వాళ్లకూ రాస్తాం. జబీద్ వర్తకుడిని మక్కావాళ్లు నీదే తెగ అని అడగలేదు.

దీనికి జకాత్ వాడొచ్చా అని కొందరు అడిగారు. ఆ మసలా ఉలమాలకు వదిలేశాం; వారు చెప్పేదాకా సదఖా, సాధారణ విరాళాలే తీసుకుంటాం, ఖాతా వేరుగా ఉంచుతాం. బల్ల ఆదివారాలు జొహర్ నమాజు తర్వాత మన ఆఫీసులోనే వేస్తాం. మొదటి రిజిస్టరు కొనేశాం.