వామనగుంటల పీట
(మహాసభయందు చేసిన ప్రసంగము)



చీరాలలో పెక్కేండ్లు సంస్కృతము బోధించి విశ్రాంతి గొన్న మమ్ము ప్రసంగింపుమని కోరితిరి. శాస్త్రచర్చ విడిచి, మా చేతులతో చేసిన యొక కొయ్యపీటను గూర్చి విన్నవింతుము.

మా తండ్రిగారు వడ్రంగము చేసి మమ్ము చదివించిరి. అమరకోశమునందు వడ్రంగికి తక్ష, వర్ధకి, రథకారుడు మున్నగు నామములు గలవని మేము బాలురచే వల్లె వేయించితిమి. కాని "మీ తండ్రిగారేమి చేయుదురు?" అని యెవరేని యడిగినప్పుడు మాట మరల్చితిమి. పుస్తకములోని తక్షను కొనియాడి, ఇంటిలోని తక్షను దాచితిమి. వారు గతించిన పిదప వారి బాడిసయు ఉలులును అటుకమీద తుప్పుపట్టియుండెను.

ఇటీవల మా మనుమరాలు వామనగుంటలు కానుకగా కోరెను. కొనుటకు బజారునకు బయలుదేరి, వాకిటనుండి మరలివచ్చి ఆ పనిముట్లను దింపితిమి.

వరుసకు 7 చొప్పున 14 గుంటలు. మా యింటి వాడుకను గుంటకు ఐదేసి లెక్కను 70 చింతపిక్కలు. అరవదేశమున దీనిని పల్లాంగుళి యందురు. కన్నడిగులు అళిగుళి మణె యందురు. ఆఫ్రికా ఖండమునను ఇట్టి యాటలు గలవు. పిల్లలకు లెక్కయు, ముందుచూపును ఆటలోనే యలవడును.

కొండపల్లి బొమ్మలకు తేలికయైన పొణికి, ఏటికొప్పాక లక్కపనికి అంకుడుకర్ర వాడుదురు. మేము వేపపలక తెచ్చి, 18 అంగుళముల పొడవున రెండు దళములు కోసి, గుంటలు తొలిచితిమి. వేసవి రాగానే ఒక దళము నడుమ పగిలెను. పేరాలలోని యొక వృద్ధుడైన వడ్రంగి దానిని చూచి, "పంతులుగారూ, కర్రలో పచ్చి చావలేదండీ, తొందరపడ్డారు" అనెను. పచ్చికొయ్య యారునపుడు కుదించుకొనును. కొసలు ముందుగా నారుటచే చీలును. కావున కోసిన పలకలను నీడను, నడుమ పుల్లలిడి, గాలి తగులునట్లు నెలల తరబడి యుంచవలెను. ఆయన పాతయింటి వేపతలుపు పలక నొకటి యిచ్చి, ఉలిని అంచునుండి నడిమికి నడపవలెనని చూపెను. మడతబందులు బిగించి, అవిసెనూనె పూసి ముగించితిమి.

పిల్ల పిక్కలు పోయుచు, "తాతయ్యా, ఈ గుంటొక్కటే లోతేమి?" అనెను.

"అక్కడ ఉలి జారినదమ్మా."

"ఎవరి ఉలి?"

"మా నాయనగారిది. ఆయన వడ్రంగి."

అరువదియేండ్లు దాటిన మాకు ఆ మాట గట్టిగా పలుకుట అదియే మొదలు. పిల్ల దానికేమియు ఆశ్చర్యపడక, "అయితే నాకూ నేర్పు" అనెను.

మహాజనులారా! మన సంఘము చదువుకొన్న బాలురకు ఏటేట బహుమతు లిచ్చుట మిక్కిలి మంచిది. వానిలో ఒక్కటైనను మనవారు చేతితో చేసిన వస్తువు కావలెను. దానిని చేసినవారిని ఈ వేదికపైకి పిలిచి వారి చేతిమీదుగానే యిప్పింపవలెను. మావలె తండ్రిపేరు చెప్ప వెనుదీయు విద్యార్థి యిక మనలో నుండకూడదని మా ప్రార్థన.

శుభమస్తు.