సముద్రం ఒడ్డున చేపల పులుసు
(పుదుచ్చేరిలో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చేసారి అందరం సముద్రం ఒడ్డునే చేపలు వండుకు తిందాం అన్న మాట రాగానే సభలో ఎంత హుషారు వచ్చిందో చూశాను. దాని మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. తినటం ఎలాగో మీకు ఒకరు నేర్పక్కర్లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో కలిసి చెయ్యాలన్నదే నా మాట.

ముందు చోటు సంగతి. గాంధీగారి విగ్రహం ఉన్న ప్రొమెనేడ్ మీద పొయ్యి పెట్టే ఆలోచన వద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడి అసువులు బాసిన ఈ ప్రాంతపు సైనికుల స్మారకం అక్కడే ఉంది. మన బోటివాళ్ళు చేతులు జోడించవలసిన చోటు అది. పైగా అక్కడ ఇసుకే కరువు. 1980ల చివర ఊరికి దక్షిణాన హార్బరు గోడలు కట్టాక, ఉత్తరంగా కదిలే ఇసుక ఆగిపోయి తీరం కోసుకుపోయింది. ఒడ్డుకు బండరాళ్ళే మిగిలాయి. 2018లో నీటి అడుగున కట్టడం దించాక కొంతమేర ఇసుక తిరిగి చేరింది.

మనకు అనువైనది ఊరికి దక్షిణాన ఉన్న వీరాంపట్టణం లాంటి మత్స్యకార గ్రామం. దాని పక్కనే అరికమేడు. 1945లో అక్కడ తవ్వకాలు జరిపించిన మార్టిమర్ వీలర్ కూడా మనవాడే, బ్రిగేడియరు! రోమన్ కూజాల ముక్కలు అక్కడ బయటపడ్డాయి. కొన్ని కూజాల్లో చేపల ఊట పులుసు వచ్చేదని తర్వాతి పరిశోధకులు గుర్తించారు. అంటే ఈ ఒడ్డున చేపల రుచికి రెండువేల ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట.

అయితే ఒక్క విషయం మరిచిపోకూడదు. మనకు అది విహారస్థలం, వాళ్ళకు పని చేసుకునే చోటు. వల ఆరబెట్టేదీ, పడవ లాగేదీ, చేప వేలం వేసేదీ ఆ ఇసుక మీదే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి పడిందీ ఆ ఒడ్డు మీదే. అనుమతి లేకుండా యూనిట్ మార్చింగ్‌లాగా దిగిపోవటం మర్యాద కాదు. ముందుగా ఊరి పెద్దల దగ్గరకు వెళ్ళి అడగాలి. అధికారుల అనుమతి కూడా కాగితం మీద తీసుకోవాలి. నైలాను వలలకు దగ్గరగా నిప్పు పెట్టకూడదు. ఒక్క నిప్పురవ్వ పడితే ఒక కుటుంబం జీవనాధారం బూడిద.

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ రోజుల్లో పెట్టుకోవద్దు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి రాత్రిపూట ఒడ్డుకు వస్తాయి. అందుచేత రాత్రి మంటలు, పెద్ద దీపాలు వద్దు. పొద్దున్నే వంట మేలు. పడవలు చేరేదీ అప్పుడే, గాలి కూడా నెమ్మదిగా ఉంటుంది. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలికి పులుసులో ఉప్పు కంటే ఇసుక ఎక్కువ పడుతుంది!

చేపలు అమ్మే ఆడవాళ్ళ దగ్గరే కొనండి, గీచి గీచి బేరమాడకండి. యాభై మందికి పదిహేను కిలోలు సరిపోతాయి. కన్ను మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి లేవాలి. పీతలు బతికున్నవే తీసుకోండి. వంజరం, కానాగంతలు ఐసు లేకుండా ఎండలో ఉంచితే పుట్టే విషం ఎంత ఉడికించినా పోదు. ఇది హెడ్‌క్వార్టర్స్ ఆర్డరు అనుకోండి.

పొయ్యికి ఇటుకలు సగం ఇసుకలో పూడ్చాలి, లేకపోతే బరువుకి కుంగిపోయి గిన్నె ఒరుగుతుంది. సరుగుడు కట్టెలు కొనుక్కోండి. ఒకే పెద్ద డేగిశా వద్దు. చేపల పులుసుని గరిటెతో కలపం కదా, గిన్నె అంచులు పట్టి తిప్పుతాం. డేగిశాని ఎవరు తిప్పగలరు? అందుకే నాలుగు వెడల్పాటి గిన్నెలు పెట్టండి. ఒకదాంట్లో మన గోదావరి పద్ధతి పులుసు, ఇంకోదాంట్లో ఆ ఊరి అమ్మల చేత చిన్నుల్లిపాయలు వేసిన మీన్ కొళంబు. వారికి కూలి ఇవ్వాలి, విస్తరి కూడా మనతోనే వెయ్యాలి. యానాం ఈ పుదుచ్చేరి పాలనలోనే ఉంది కాబట్టి రెండు గిన్నెలూ ఇక్కడికి పరాయివి కావు.

ఆఖరున రెండు హెచ్చరికలు. నిప్పుల మీద ఇసుక కప్పితే ఆరినట్టు కాదు. పైకి కనిపించకుండా గంటల తరబడి వేడిగా ఉండి పిల్లల కాళ్ళు కాలుస్తాయి. నీళ్ళు పోసి ఆర్పి, బొగ్గులు ఎత్తేయండి. రెండోది, తిన్న తర్వాత సముద్రంలో దిగటం, మందు పుచ్చుకుని దిగటం అసలే వద్దు. ఒక్కొక్క వరుసకి ఒక కాపలా మనిషిని పెట్టండి. డ్యూటీ రోస్టరు వెయ్యటం మనకి కొత్తా?

ర్యాంకులు ఇంటి దగ్గర వదిలేసి రండి. ఆ రోజు కర్నలుగారు ఉల్లిపాయలు తరగవచ్చు, హవల్దారుగారు వడ్డించవచ్చు. మనం వెళ్ళిపోయాక ఆ ఒడ్డున పొయ్యి పెట్టిన ఆనవాలు కూడా ఉండకూడదు. మళ్ళీ ఏడాది ఆ ఊరివాళ్ళే "ఎప్పుడొస్తారు?" అని కబురు పంపాలి. మన విందు బాగా జరిగిందనటానికి అదే గుర్తు.

సెలవు. జై హింద్.